కొట్టేసిన రీడింగు

మధురానగర్, హైదరాబాద్,
జులై 27.

చి. సౌ. అమ్మలుకు,

మొన్న ఆదివారం నువ్వు మా టేబుల్ మీద మర్చిపోయిన కరపత్రాలు నా దగ్గరే ఉన్నాయి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషనట. మైత్రీవనం దగ్గర పంచుతుంటే తీసుకున్నానన్నావు. ఫోన్ చేద్దామనుకున్నా కానీ, ఫోన్లో నా మాట సగంలో ఉండగానే "సరేలే పెద్దమ్మా" అనేస్తావు. ఉత్తరమైతే ఆఖరిదాకా చదువుతావు.

ఆ మధ్యాహ్నం డాబా మీద బట్టల తీగ గుంజ దగ్గర నిలబడి మీ బుజ్జి ఏమడిగిందో గుర్తుందా? "అమ్మమ్మా, సంక్రాంతికి వచ్చినప్పుడు దీని నీడ ట్యాంకు వైపు పడిందిగా, ఇప్పుడు మెట్ల వైపు పడిందేంటి?" ఉన్న నీడే బెత్తెడు. దాన్ని పట్టి చూసిందంటే ఆ కళ్ళకి దిష్టి తీయాలి. నువ్వు మాత్రం "అది సిలబస్‌లో లేదులే, కిందికి పద, హోంవర్కుంది" అన్నావు. నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు. 31 ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, ఆ మాట నేనూ ఎన్నోసార్లు అన్నాను.

అంతకంటే పెద్ద తప్పే ఒకటి చేశాను. ఒకసారి పిల్లలతో లోలకం ప్రయోగం చేయించాను. గురుత్వ త్వరణం పుస్తకంలో 980. ఒక అమ్మాయికి 960 వచ్చింది. రికార్డు దిద్దుతూ దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి 978 వేసుకోమన్నాను. "మరి నేను కొలిచింది టీచర్?" అంది. తనిఖీకి రికార్డులు నీట్‌గా ఉండాలని నా తొందర నాది. ఆ రాత్రి వంట చేస్తుంటే తట్టింది: గుండు మధ్యదాకా కొలవాల్సిన పొడవు ఆ పిల్ల దారం వరకే కొలిచింది. తేడా ఎందుకొచ్చిందో కలిసి వెతికి ఉంటే ఆ రోజు క్లాసంతటికీ సైన్సంటే ఏమిటో తెలిసేది. నేను మాత్రం అంకె మార్చడం నేర్పాను.

ఇలా ఎందుకయ్యానని తర్వాత చాలా ఆలోచించాను. పేరెంట్స్ మీటింగుకి వచ్చిన ప్రతి తల్లీ "రెండు మార్కులు ఎక్కడ పోయాయి?" అనే అడిగేది. "మా పిల్ల ప్రయోగం చేసిందా?" అని ఒక్కరూ అడిగిన గుర్తు లేదు. ఆ మార్కుల ప్రశ్నే హెడ్మాస్టరు నన్ను అడిగేవారు, నేను పిల్లల్ని అడిగేదాన్ని. ల్యాబ్ తాళం తుప్పు పట్టిపోయింది. అమ్మలూ, తల్లిదండ్రులు ఏమడిగితే టీచరు అదే చెబుతుంది. ఈసారి మీటింగుకి వెళ్ళినప్పుడు మార్కుల గురించి ఆఖర్న అడుగు. ముందు, ఈ నెల పిల్లలు చేత్తో పట్టుకుని చేసిందేమిటో అడుగు. ఆ టీచరు ఇబ్బంది పడొచ్చు, లోలోపల సంతోషపడనూ వచ్చు.

ఇంట్లో వాళ్ళ వల్ల పిల్లలకి ఏం అబ్బుతుందో మన ఊళ్ళోనే ఒక ఉదాహరణ ఉంది. మా స్టేషన్లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట తర్వాత బేగంపేటే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత అక్కడికే మారింది. అందులో సహాయకుడిగా పనిచేసినాయన కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. ఇంట్లో వాళ్ళకి టెలిస్కోపు బతుకుతెరువు, పిల్లాడికి ఆటస్థలం. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ రాజ్యం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్ళి, 1949లో ఒక తోకచుక్కని కనిపెట్టాడు. దాని పేరు బప్పు-బోక్-న్యూకిర్క్. బోక్ అక్కడి ప్రొఫెసరు, న్యూకిర్క్ తోటి విద్యార్థి. తండ్రి వల్ల ఆకాశంతో చనువు కలిగింది, గురువు పేరు శిష్యుడి పేరు పక్కనే నిలిచింది. అదే బప్పు 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అందరింట్లో టెలిస్కోపు ఉండదు, నిజమే. డాబా ఉంటుందిగా!

కోచింగు ఎప్పటికీ వద్దనను. ఆరో తరగతికి వద్దంటాను. సాయంత్రాలన్నీ అక్కడే గడిస్తే ఇక గుంజ నీడ ఎవరు చూస్తారు?

నీకు మాత్రం జవాబు చెబుతాను, బుజ్జికి ముందే చెప్పకు. మనం ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా సూర్యుడు మిట్టమధ్యాహ్నం మనకి ఉత్తరంగా ఉంటాడు కాబట్టి నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా ఏడాదంతా ఉత్తరానికి. ఆ రెండు తేదీల ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు గుంజకి నీడే ఉండదు.

ఆగస్టు 3న బుజ్జిని తీసుకురా. గుంజ నిటారుగా ఉందో లేదో తాళంచెవి కట్టిన దారం వేలాడదీసి చూద్దాం. 12 గంటల నుంచి 12:40 దాకా పది నిమిషాలకోసారి సుద్దతో గీత గీసి కొలిచి రాసుకోనీ. 12:20 దాటగానే కళ్ళు పెద్దవి చేసుకుని చూడమను.

అది ముసురు కాలం, సూర్యుడు మొహం చాటేయొచ్చు. అప్పుడు నోటుబుక్కులో ఆ గడిలో "మబ్బు, కనపడలేదు" అని రాయనీ. పుస్తకంలో సున్నా అని ఉందిగా, సున్నా వేసెయ్యమని మాత్రం అనకు. నేనొకసారి అన్నాను, చాలు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ