అత్తమ్మకు ఏమైంది?

"నా గాజులు దొంగిలించావు! నా గాజులు నాకివ్వు!"

అత్తమ్మ అరుస్తోంది. వాకిట్లో నలుగురూ పోగయ్యారు. కోడలు తల దించుకుంది. సాయంత్రం ఆ గాజులు బియ్యం డబ్బాలో దొరికాయి. దాచింది అత్తమ్మే. దాచిన సంగతి ఆమెకు గుర్తు లేదు.

రెండేళ్ల కిందట అత్తమ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. అడిగిందే అడిగేది. "ముసలితనం" అన్నారు అందరూ. ఇప్పుడు రాత్రిపూట లేచి తలుపు తీస్తుంది. "మా అమ్మ దగ్గరికి పోతా" అంటుంది. ఆ అమ్మ చనిపోయి ముప్పై ఏళ్లయింది. కన్నకొడుకునే "నువ్వెవరయ్యా?" అని అడుగుతుంది.

కోడలికి కంటినిండా నిద్ర లేదు. కూలికి పోవడం మానేసింది. ఒకరోజు అత్తమ్మ అన్నం కంచం విసిరికొట్టింది. కోడలు చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. పెరట్లోకి పోయి కుమిలి కుమిలి ఏడ్చింది.

ఆశా కార్యకర్త ఆమెను చూసింది. "అక్కా, ఇది గాలీ ధూళీ కాదు. చేతబడి కాదు. మెదడుకు వచ్చిన జబ్బు. పెద్దాసుపత్రికి పోదాం పద" అంది.

డాక్టరు పరీక్షలు చేయించాడు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా మతిమరుపు రావచ్చు. అవి మందులతో బాగుపడవచ్చు. అందుకే పరీక్ష తప్పనిసరి. అత్తమ్మకు అవి లేవు. ఆమెకు వచ్చింది డిమెన్షియా. దీనికి ఎక్కువగా కారణం అల్జీమర్స్ అనే జబ్బు. ఈ జబ్బు గురించి జర్మనీ డాక్టరు అల్జీమర్ 1906లో మొదట చెప్పాడు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు.

జబ్బు ముదిరే తీరు

మొదటి దశ: కొత్త సంగతులు మరిచిపోతారు. డబ్బు లెక్క తప్పుతారు. తమ పనులు చాలావరకు తామే చేసుకుంటారు.

నడిమి దశ: దారి తప్పుతారు. మనుషులను పోల్చుకోలేరు. అనుమానపడతారు. స్నానానికి, బట్టలకు సాయం కావాలి. ఎప్పుడూ ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

చివరి దశ: మాట తగ్గిపోతుంది. మంచం పడతారు. తినిపించాలి. పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతూ ఉండాలి.

జబ్బు ముదిరినకొద్దీ చూసేవారి మీద బరువు పెరుగుతుంది. ఒక్కరే మోస్తే వారూ జబ్బు పడతారు.

"ఇది ఆడవాళ్ల పని కదా!" అన్నాడు భర్త.

"ఆమె నిన్ను కన్నతల్లి కాదా అన్నా? రాత్రి కాపలా నువ్వు ఉండు" అంది ఆశా కార్యకర్త.

భర్త కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి తల్లి మంచం పక్కనే చాప వేసుకున్నాడు. ఆడపడుచు నెలకు వారం వచ్చి చూస్తానంది. కోడలు మళ్లీ కూలికి పోతోంది. అత్తమ్మ జబ్బు పోలేదు. ఇంట్లో గొడవ తగ్గింది.

ఇలా చేయండి

- "గుర్తు లేదా?" అని గద్దించకండి. వాదించకండి. మాట మళ్లించండి.
- తిండి, స్నానం, నిద్ర రోజూ ఒకే వేళకు జరగాలి.
- రాత్రి చిన్న దీపం ఉంచండి. తలుపుకు మువ్వలు కట్టండి.
- పేరు, ఊరు, ఫోను నంబరు రాసిన చీటీ వారి దగ్గర ఉంచండి. మీకు రాయడం వచ్చు. మీరే రాయండి.
- పెద్దల సాయానికి 14567కు ఫోను చేయండి. మీ మనసు బాగా లేకపోతే 14416కు ఫోను చేయండి. డబ్బు తీసుకోరు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. అత్తమ్మ కోడలిని దొంగ అని ఎందుకు అంది?
2. కోడలు ఎత్తిన చెయ్యి ఎందుకు ఆగిపోయింది?
3. మీ ఇంట్లో ముసలివాళ్లను ఎవరు చూస్తున్నారు? వారికి ఎవరు సాయం చేస్తున్నారు?