ఉత్తరభాగానికి ఉత్తరం

తొర్రూరు

చిరంజీవి మనుమరాలికి,

నువ్వు పంపిన పుస్తకాలు రెండూ చదవడం నిన్న రాత్రి ముగించాను. ఇంగ్లీషు నవల చదివి చాలా ఏళ్లయింది కనుక నిఘంటువు పక్కన పెట్టుకుని మెల్లగా చదివాను. హన్మకొండలో మీ స్నేహితులంతా నెలకోసారి కూడి, ఒక్కొక్కరు ఒక్కో పుస్తకం మీద అభిప్రాయం వినిపిస్తున్నారని రాశావు. ఈ నెల నీ వంతు వచ్చిందని, రాసింది దిద్దిపెట్టమని అడిగావు. నలభై ఏళ్లు బడిపిల్లల నోటుబుక్కులు దిద్దిన చేతికి ఇంతకంటే ఇష్టమైన పని ఏముంటుంది బిడ్డా?

నీ కాగితంలో అయిదు వాక్యాలున్నాయి. రెండో భాగం బాగుంది. మొదటి భాగమంత లేదు. మధ్యలో సాగదీశారు. చైనా పురాణాలు కొత్తగా ఉన్నాయి. అయిదుకు నాలుగు చుక్కలు. వీటిలో అబద్ధమేమీ లేదు. కానీ పుస్తకం పేరు కొట్టేసి మరో పుస్తకం పేరు రాసినా ఈ అయిదు వాక్యాలూ చెక్కుచెదరవు. ఏ అంగీకైనా సరిపోయే గుండీ ఏ అంగీదీ కాదు. నీ మాట ఈ పుస్తకానికే కుట్టిన గుండీ కావాలి. అదెలాగో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఒక మాట పట్టుకో. సీక్వెల్‌ను మనం ఉత్తరభాగం అంటాం. ఉత్తరం అంటే తర్వాత వచ్చేది. ఉత్తరం అంటే జవాబు కూడా. ప్రశ్నోత్తరాలు అంటున్నామంటే ఆ అర్థంలోనే. కాబట్టి రెండో భాగం చేతికి వచ్చినప్పుడు నేను వేసుకునే మొదటి ప్రశ్న, ఇది దేనికి జవాబు అని. బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

మొట్టమొదట అది మొదటి భాగానికి జవాబు. ఎం.హెచ్. బొరోసన్ రాసిన 'ది గర్ల్ విత్ ఘోస్ట్ ఐస్' 2015లో వచ్చింది. దాని ఉత్తరభాగం 'ది గర్ల్ విత్ నో ఫేస్' 2019లో వచ్చింది. కథాకాలం పందొమ్మిదో శతాబ్దం చివర, స్థలం శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని చైనాటౌన్. లీ-లిన్ అనే యువతి భర్త పోయిన మనిషి, దయ్యాలను వదిలించే దావో పూజారి కూతురు. ఆత్మలు ఆమె కంటికి కనబడతాయి. అది వరం కాదు, ఆమె మోయాల్సిన బరువు. చేతిలో పీచ్ చెట్టు కొయ్యతో చేసిన కత్తి. మన దగ్గర వేపమండకు ఏ పనో, చైనా నమ్మకంలో పీచ్ కొయ్యకు ఆ పని. పక్కన నడిచే, మాట్లాడే ఒక కన్ను తోడుంటుంది. మొదటి పుస్తకంలో తండ్రి నీడ ఆమె మీద ఎంత దట్టంగా పడిందో నీకు గుర్తుంది. రెండో పుస్తకం మొదలయ్యేసరికి ఆమె ఒక ముఠా కోసం శవాల గది చూసుకుంటోంది. అక్కడికి తొమ్మిదేళ్ల పిల్ల శవం వస్తుంది. ముక్కులోంచి, నోట్లోంచి పూలు మొలిచి ఊపిరాడక చనిపోయిన పిల్ల.

ఇప్పుడు నీ మూడో వాక్యం చూడు. మధ్యలో సాగదీశారన్నావు. ఏ పుటలో? ఆ పుటలో లీ-లిన్ ఏం చేస్తోంది? మొదటి భాగంలో ఆమె గెలుచుకున్నదానికి ఇక్కడ ఏం ధర చెల్లిస్తోంది? ఆ ధర చూపించడానికే రచయిత నడక తగ్గించాడేమో వెతుకు. వెతికిన తర్వాత కూడా అక్కడ ఊరికే నీళ్లు కలిపాడనిపిస్తే ధైర్యంగా అలాగే రాయి, పుట సంఖ్యతో సహా. అప్పుడు నీతో విభేదించేవాడు కూడా ఆ పుట తెరిచి చూసే మాట్లాడాలి.

ఈ విద్య మనవాళ్లకు కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆపేశాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మిగిలిన ఆ ఖాళీని ఎర్రన పూరించి, నన్నయ పేరుమీదనే రాజరాజనరేంద్రునికి అంకితంగా సాగించాడు. పోతన భాగవతంలోనూ అయిదో స్కంధం గంగన చేతి రచన, ఆరోది ఏర్చూరి సింగన రచన, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. ఒక చేతిలో మొదలైన గ్రంథాన్ని మరో చేయి అందుకున్నప్పుడు ఎక్కడ అతుకు కనబడింది, ఎక్కడ కనబడలేదు అని తెలుగు చదువరులు వందల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. పద్యం చూపించి వాదించారు కనుకనే ఆ వాదన ఇన్నాళ్లు బతికింది.

రెండో సంగతి. ఇలాంటి పుస్తకం పాత కథకు కూడా జవాబు. చైనా పురాణాలు కొత్తగా ఉన్నాయని రాశావు. నువ్వే నాకు ఇదివరకు నెజా సినిమా కథ చెప్పావు, 2019లో మొదటిది, 2025లో రెండోది వచ్చిందని. కాళ్ల కింద నిప్పుచక్రాలతో తిరిగే ఆ అల్లరి పిల్లవాడు, డ్రాగన్ రాజు కొడుకును చంపినవాడు, తన మాంసం ఎముకలు తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చేసి తామరలోంచి మళ్లీ పుట్టినవాడు. ఆ పిల్లవాడి తాతలనాటి ఇల్లు ఎక్కడుందో తెలుసా? ఆ ఇంటి దారి బమ్మెర మీదుగా కూడా పోతుంది.

బమ్మెర మనకెంత దూరం? పొద్దున పాలకుర్తి దిక్కు బయలుదేరితే మధ్యాహ్నం బువ్వకు ఇల్లు చేరవచ్చు. ఆ ఊరి పోతన దశమస్కంధంలో, యశోద రోటికి కట్టేసిన కృష్ణుడు రోలును ఈడ్చుకుంటూ పోయి రెండు మద్దిచెట్ల నడుమ దూరతాడు. చెట్లు కూలుతాయి. వాటిలోంచి కుబేరుని కొడుకులు నలకూబరుడు, మణిగ్రీవుడు బయటికొస్తారు. సిరిమదంతో ఒళ్లు మరిచి, నారదుని శాపంతో చెట్లయినవాళ్లు. ఆ నలకూబరుడి పేరే బౌద్ధ గ్రంథాల వెంట చైనాకు ప్రయాణం చేసి, అక్కడి నోళ్లలో నలిగి కురచబడి నెజా అయింది. కుబేరుని మరో పేరు వైశ్రవణుడు కదా. ఆ వైశ్రవణుడే అక్కడ చేతిలో గోపురం పట్టుకున్న సేనాని లీ జింగ్‌గా, నెజాకు తండ్రిగా మారాడు. మేర్ షహర్ అనే పండితుడు 2015లో నెజా భారతీయ మూలాల మీద ఒక పుస్తకమే రాశాడు.

ఇది చదివి పొంగిపోయి అంతా మనదేనని మాత్రం రాయకు. పోలిక వేరు, రుజువు వేరు. చైనా నవల 'పడమటి యాత్ర'లోని వానరవీరుడు సున్ వుకోంగ్‌కు మన హనుమంతుడే మూలమని 1920లలో హు షి అనే పండితుడు అన్నాడు. లు షున్ అంతటి రచయిత ఒప్పుకోలేదు, అది చైనా నేలమీది నీటికోతి కథలోంచే వచ్చిందన్నాడు. ఇద్దరూ పాత గ్రంథాలు ముందు పెట్టుకునే మాట్లాడారు. పైగా నలకూబరుడు మన దగ్గర శాపం తీరగానే కృష్ణునికి మొక్కి వెళ్లిపోయే చిన్న పాత్ర. తండ్రిని ఎదిరించి నిలబడే పిల్లవాడిగా అతణ్ణి పెంచింది చైనా కథకులు. పేరు మన దగ్గర నుంచి పోయిందే. ఆ కోపం, ఆ దుఃఖం వాళ్లవి. ఇంటి బిడ్డ అత్తారింట్లో ఏ మనిషిగా ఎదిగిందో చూడకుండా మా బిడ్డ అని గొప్ప చెప్పుకోవడం పెద్దరికం కాదు.

పాత కథకు జవాబు చెప్పడమంటే దాన్ని తిరిగి చెప్పడం కాదనడానికి చైనాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. వంద అధ్యాయాల 'పడమటి యాత్ర'కు 1640 ప్రాంతంలో డోంగ్ యూ అనే ఆయన పదహారు అధ్యాయాల చేర్పు రాశాడు. కథ ముగిశాక జరిగిందేమిటో ఆయన రాయలేదు. నడిమధ్యలో ఒక సందు చూసుకుని లోపలికి దూరి, ఆ వానరవీరుణ్ణి ఒక కలలో పడేశాడు. అద్దాల మేడలో, గతంలో, భవిష్యత్తులో తిప్పాడు. బయటి రాక్షసులందరినీ గెలిచినవాడు తన మనసులోని చిక్కును గెలవగలడా అన్నది ఆయన ప్రశ్న. మూలంలో ఎవరూ అడగని ప్రశ్న అది. నీ పుస్తకం దావో ఆచారాలను, దయ్యాలను ఊరికే అలంకారానికి వాడుకుందా, వాటిని కొత్త ప్రశ్న ఏదైనా అడిగిందా? కొత్తగా ఉన్నాయన్న నీ నాలుగో వాక్యం చోట ఈ జవాబు రావాలి.

మూడోది చెప్పడం నాకు కష్టం. అయినా చెప్పాలి. ఇలాంటి కథ, ఆ నమ్మకాలతో బతికిన మనుషులకు కూడా జవాబుదారు.

ఆ చైనాటౌన్ ఊహించిన ఊరు కాదు. చైనా కూలీలు తమ దేశంలో అడుగుపెట్టకుండా అమెరికా 1882లో చట్టం చేసింది. 1943 దాకా దాన్ని ఎత్తివేయలేదు. ఉన్నవాళ్లలో ఆడవాళ్లు బహు తక్కువ. పరాయి మట్టిలో పాతిపెడితే తమకు పిండం పెట్టేవాళ్లుండరన్న దిగులుతో, చనిపోయినవారి ఎముకలను కొన్నేళ్లకు తవ్వితీసి ఓడల్లో సొంత ఊళ్లకు పంపించేవారు. అస్థికలు మూటగట్టుకుని గోదావరికి పోయే మనకు ఆ దిగులు వివరించి చెప్పనక్కర్లేదు. లీ-లిన్ శవాల గది పక్కన ఈ సంగతి పెట్టుకుని ఇంకోసారి చదువు. అక్కడి దయ్యాలు వేరుగా కనబడతాయి.

ఇక మన సంగతి. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తర్వాత దాని ఉత్తరభాగం 'తులసి' వచ్చింది. అందులోనూ ఒక చిన్నపిల్ల, ఆ పిల్లమీద చేతబడి. అందులోనూ డాక్టర్ల పక్కనే మంత్రగాళ్లు. నీ నవలలాంటి వాటికి అర్బన్ ఫాంటసీ అన్న పేరు వినకముందే మనకు అలాంటి కథ ఉంది. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. పత్రిక కోసం బస్టాండులో ఎదురుచూసేవాణ్ణి. సాయంత్రం మా అరుగుమీద పదిమంది కూర్చుంటే చదివి వినిపించేవాణ్ణి. నా గొంతు బాగుంటుందని మెచ్చుకునేవాళ్లు. దయ్యం వచ్చేచోట గొంతు తగ్గించి చదివేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా వాడలో ఒక పిల్లకు జ్వరం వచ్చి ఎంతకూ తగ్గలేదు. వెనక ఇంట్లో ఒక్కతే ఉండే ఒక ముసలమ్మ వంక జనం అదోలా చూడడం మొదలుపెట్టారు. ఆమె చేతి సల్ల పోయించుకోవడం మానేశారు. ఎవరూ ఆమెను కొట్టలేదు. బాణామతి అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టిన, పళ్లు రాలగొట్టిన, చంపిన ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. మా వాడలో అంతదాకా రాలేదు. పిల్లకు తగ్గింది. కానీ ఆ ముసలమ్మ మళ్లీ మా అరుగు దిక్కు రాలేదు. సీరియల్ చదవకముందు కూడా ఆ అనుమానం ఊళ్లో ఉన్నదే. కథ రాసినవారి మీద నేను నింద వేయను. నా తప్పు నాకు తెలుసు. అంతమంది నా నోరు చూస్తూ కూర్చున్నప్పుడు, ఇది కథ, ఆమె మన మనిషి అని ఒక్క మాట నేను అనలేదు. భయపెట్టడానికి గొంతు తగ్గించినవాణ్ణి, ఆ మాటకు గొంతు ఎత్తలేదు.

తర్వాత రంగనాయకమ్మ గారు ఆ నవల మీద 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని పుస్తకమంత విమర్శ రాశారు. లక్షలమంది మెచ్చిన నవలను ఒక పాఠకురాలిగా నిలబడి ప్రశ్నించారు. ఆమె తీర్పును నువ్వు పూర్తిగా ఒప్పుకోవాలని నేననను. ఉత్కంఠతో పుటలు తిప్పించడం కూడా ఒక నేర్పే, దాన్ని మెచ్చుకునే హక్కు పాఠకుడిది. కానీ కథ పుస్తకంలోంచి బయటికి నడిచి ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో అడగడం కూడా పాఠకుడి పనేనని ఆమె వల్ల ఎరుకైంది.

కనుక నీ కాగితం ఇలా మళ్లీ రాయి. పుస్తకం ఇంకోసారి చదువు. చేయి ఆగిన చోటల్లా పుట సంఖ్య వేసుకో. నచ్చి ఆగిందా, విసుగుతో ఆగిందా, భయంతో ఆగిందా పక్కన ఒక్క ముక్క రాసుకో. వాటిలో మూడు చాలు, మిగతావి వదిలెయ్. మొదటి భాగం చదవనివాళ్లు కూడా మీలో ఉంటారు, వాళ్లకు కథ నాలుగు వాక్యాల్లో చెప్పు, చివరి మలుపు మాత్రం దాచు. రచయిత మాండరిన్ భాష, చైనా మతాచారాలు చదువుకుని రాసినవాడు. ఆ చదువు కథలో ఎక్కడ రక్తంలా పారింది, ఎక్కడ మూటలా బరువైంది, చూపించు. నీ అభిప్రాయం మారితే మారిందని రాయి. చుక్కలు వేయాలనిపిస్తే చిట్టచివర వెయ్యి. అప్పటికి వాటి అవసరం నీకే తోచకపోవచ్చు.

ఇంకొక్క మాట. రాసింది పైకి చదివి చూసుకో. మీ స్నేహితుల నడుమ ఆ చైనాటౌన్‌లో పుట్టిన పిల్ల ఒకతె, మా వాడ ముసలమ్మ ఒకతె కూర్చుని వింటున్నారనుకో. వాళ్ల ముందు చదవడానికి నోరు తడబడే వాక్యం ఉంటే దిద్దుకో. వాళ్లకు భయపడి మెప్పుదల మాటలు రాయమని కాదు నేననేది. పుస్తకంలో తప్పుంటే వాళ్ల ముందు కూడా తప్పనే చెప్పగలగాలి.

సెలవులకు వచ్చినప్పుడు బమ్మెర పోదాం. దశమస్కంధం నేను తెస్తాను, మద్దిచెట్ల ఘట్టం అక్కడ కూర్చుని నువ్వు చదువు. ఈలోపు కొత్త కాగితం పంపు. ఈసారి పక్కన అంచు ఎక్కువ వదులు బిడ్డా. నీ మాటకు నేను ఉత్తరం రాయాలి కదా.

నీ
తాత