వట్టికోట ఆళ్వారుస్వామి

కథ వ్రాయుట ఒక పని. దానిని అచ్చు వేయించుట మఱియొక పని. అచ్చయిన పుస్తకమును చదువరి చేతికి చేర్చుట మూడవ పని. సాధారణముగా ఈ పనులను ముగ్గురు చేయుదురు. మూడింటిని తానే తలకెత్తుకొనిన తెలుగు రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి.

ఆయన 1915వ సంవత్సరమున నల్లగొండ జిల్లాలోని చెరువు మాదారమున ఒక పేద కుటుంబమున జన్మించెను. చిన్ననాటనే తండ్రి గతించుటచే బడిచదువు సాగలేదు. ఒక ఉపాధ్యాయుని యింట వంటపని చేయుచు, ఆయన కడనే చదువు నేర్చుకొనెను. పిదప విజయవాడలో హోటలులో సర్వరుగా పనిచేసెను. అటు తరువాత సికింద్రాబాదు చేరి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దు పనికి కుదిరెను. పట్టా లేని ఆ యువకునకు ఆ పనియే ఒక పాఠశాల యయ్యెను.

అది నిజాము పాలనాకాలము. ప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగైనను, బడులలో బోధన ఉర్దూలో జరుగుచుండెను. ఈ ప్రాంతమున తెలుగు కవులు లేరను మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను 1934లో ప్రకటించిరి. కవులున్నారని తేలినది. మఱి చదువరులో? తన భాషలో చదువుట నేర్వని వానికి ఎంత మంచి కథయైనను మూసిన పెట్టెయే కదా!

ఈ ప్రశ్నకు ఆళ్వారుస్వామి చేతలతో జవాబు చెప్పెను. 1938లో సికింద్రాబాదున ‘దేశోద్ధారక గ్రంథమాల’ను స్థాపించెను. ఆ యేటనే కీర్తిశేషులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి బిరుదము ఆ పేరున నిలిచినది. ధనసహాయము స్వల్పము. అయినను ముప్పదికి పైగా గ్రంథములు వెలువడెను. నేడు నాచారము, ఉప్పల్ ప్రాంతముల విద్యార్థికి సికింద్రాబాదు బస్సులో కొద్దిసేపటి ప్రయాణము. ఆనాడు ఆ సికింద్రాబాదు నుండియే ఆయన పుస్తకముల మూట మోసికొని వీధివీధి, ఊరూర తిరిగి అమ్మెను.

పుస్తకము లమ్ముటతో ఆయన తృప్తిపడలేదు. ఆంధ్రమహాసభ కార్యకర్తయై ప్రజోద్యమములలో పాల్గొని పలుమారులు చెరసాల కేగెను. నిజామాబాదు జైలులో మహాకవి దాశరథి ఆయనకు సహచరుడు. దాశరథి బొగ్గుతో గోడపై పద్యములు వ్రాయుచుండగా, ఆళ్వారుస్వామి వానిని కంఠస్థము చేయుచుండెను. కాగితము కరవైన చోట మిత్రుని జ్ఞాపకమే గ్రంథమైనది. దాశరథి తన ‘అగ్నిధార’ను ఈ మిత్రునకే అంకితము చేసెను.

తోడి ఖైదీల జీవితములను చూచి ఆయన ‘జైలు లోపల’ కథలను వ్రాసెను. “ఇతడు నేరస్థుడు” అని చెప్పి ఊరకుండుట సులభము. “ఇతని నిచటికి తెచ్చిన పరిస్థితు లెట్టివి?” అని అడుగుట ఆయన పద్ధతి. ‘ప్రజల మనిషి’ నవలలోను ఇదియే చూపు. దిమ్మెగూడెము అను పల్లెలో దొర పెత్తనము, వెట్టిచాకిరి, దాని నెదిరించిన కంఠీరవము అను యువకుని కథ అందు కలదు. కథానాయకుడు రాజు కాడు, వీరుడు కాడు. మన ఊరిలో కానవచ్చు మనిషి. ఆ కథకు తరువాతి కాలమును చిత్రించు ‘గంగు’ నవల పూర్తి కాకముందే, 1961వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన ఆయన కన్నుమూసెను. అప్పటి కాయన వయస్సు నలువదియైదేండ్లు మాత్రమే. అసంపూర్ణమైన ఆ నవల మరణానంతరము ప్రకటితమైనది.

విద్యార్థులారా! రచయితకు ఊహ యొక్కటే చాలదు. తాను వ్రాయు మనుష్యులతో కలసి మెలసి తిరుగవలెను; వారి కష్టము తెలియవలెను. ఆ రచన వారికి చేరువరకు శ్రమ పడవలెను. కథలు వ్రాయ గోరువారు మొదట తమ వీధిని కన్నులు తెఱచి చూడుడు. కర్మాగారమునకు నడచిపోవు కూలివాని బ్రదుకులో కూడ ఒక నవల దాగియుండ వచ్చును.

ప్రశ్నలు
1. ఆళ్వారుస్వామి పుస్తకములను తానే మోసికొని యేల అమ్మవలసి వచ్చెను?
2. ‘జైలు లోపల’ కథలలో ఆయన చూపు ఎట్టిది?
3. మీ వీధిలోని ఒక శ్రమజీవిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.