గర్భసంచి శస్త్రచికిత్స: దాని వ్యయమును లెక్కించు విధము

పైరు పెట్టుటకు ముందు విత్తనమునకెంత, ఎరువునకెంత, కూలికెంత యని లెక్క వేసికొనని రైతు లేడు. అట్టి రైతే, ఇంటి యాడువారికి గర్భసంచి తీయవలెనని వైద్యుడు చెప్పినంతనే ఆ లెక్క యంతయు మఱచి, దొరకిన చోట దొరకిన వడ్డీకి అప్పు తెచ్చుచున్నాడు. ఇది తెలివిలేక చేయు పని కాదు. భయముచేత చేయు పని. ఆ భయమును కొంతవఱకైన తొలగించుటకు ఈ నెల పాఠమును వ్రాయుచున్నాము. ఇది స్త్రీల సంగతి యని పురుషులు పుట త్రిప్పివేయక, ఇంటివారితో గూడి చదువవలెనని కోరుచున్నాము.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురు గర్భసంచి తీయించుకొన్నవారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోనో, నూటికి ఎనమండుగురికి పైగా నున్నారు. వీనిలో అధికభాగము ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవే. మన స్త్రీలకే యిన్ని రెట్లు అధికముగా వ్యాధులు గలవని నమ్ముట కష్టము. కావున వ్యయమును గూర్చి మొదట అడుగవలసిన ప్రశ్న "ఎంత?" యనునది కాదు, "అవసరమా?" యనునది. అనవసరమైన శస్త్రచికిత్స యెంత చవుకగా జరిగినను నష్టమే.

1. అవసర మెప్పుడు?

గర్భసంచికి పుండు, అనగా క్యాన్సరు, సోకినప్పుడును, సంచి మిక్కిలి జారి బాధించునప్పుడును, పెద్ద గడ్డలుండి రక్తస్రావము మందులకు లొంగనప్పుడును తీయుట న్యాయమే. కాన్పునందు రక్తము నిలువనిచో ప్రాణరక్షణకై తీయక తప్పదు. ముట్టులుడిగిన తరువాత మరల రక్తము కనబడినచో ఖర్చునకు వెఱచి ఒక్క వారమైన ఆలసింపరాదు. వెంటనే పరీక్ష చేయించవలెను. ఈ పాఠము చదివి అవసరమైన చికిత్సను మానుకొన్నచో అది మా యభిప్రాయమునకు విరుద్ధము.

కాని తెల్లబట్ట, నడుము నొప్పి, ముట్టు సమయమున అధిక రక్తస్రావము మొదలగు బాధలు పెక్కుమార్లు మందులతోనే నయమగును. తెల్లబట్టకు సాధారణముగా మందుబిళ్లల చికిత్స చాలును. అధిక రక్తస్రావమునకు కారణము ఒక్కొకప్పుడు థైరాయిడు దోషమై యుండును, రక్తపరీక్షతో తెలియును. రక్తము తగ్గించు బిళ్లలు, హార్మోను బిళ్లలు కలవు. గర్భసంచిలో నమర్చు హార్మోను సాధనము ఐదేండ్లు, అంతకు మించియు పనిచేయును. కొందఱికి సంచిని నిలిపి గడ్డను మాత్రమే తీయవచ్చును. "గడ్డ యున్నది, రేపు క్యాన్సరు అగును" అని తొందరపెట్టు మాటను నమ్మి మఱునాడే ఒప్పుకొనరాదు. అట్టి గడ్డలు క్యాన్సరగుట బహు అరుదు.

కావున ప్రాణాపాయము లేనప్పుడు, స్కానింగు కాగితములు, రక్తపరీక్ష కాగితములు చేతబట్టుకొని, మొదటి వైద్యునితో సంబంధము లేని రెండవ వైద్యుని, వీలైనచో ప్రభుత్వాసుపత్రిలోని స్త్రీల వైద్యుని, చూడవలెను. ఆ బస్సు ఖర్చు వృథా కాదు.

2. ఖర్చులోని భాగములు

ఆసుపత్రివారు చెప్పు "ప్యాకేజీ" యను మొత్తము ఖర్చులో నొక భాగమే. దానిలో గది యద్దె, మత్తుమందు వైద్యుని రుసుము, మందులు, రక్తము, తీసిన సంచిని పరీక్షకు పంపు ఖర్చు చేరినవో లేవో పద్దులవారీగా కాగితముపై వ్రాయించుకొనవలెను. దినములు పెరిగినచో దినమున కెంత యని ముందే యడుగవలెను. పొట్ట కోసి చేయుట, క్రిందినుండి చేయుట, చిన్న రంధ్రములద్వారా గొట్టముతో చేయుట యని మూడు పద్ధతులు కలవు. గొట్టపు పద్ధతికి రుసుము హెచ్చుగా నుండవచ్చును గాని ఆసుపత్రిలో నుండు దినములు తగ్గును. ఏ పద్ధతి, ఏల యని అడుగుట మన హక్కు.

అండాశయములను గూడ తీయుదురా యని తప్పక అడుగవలెను. చిన్న వయస్సున అవి తీసినచో ముట్టు ఒక్కమారుగా నిలిచి, ఎముకలు బలహీనపడును. గుండెజబ్బు భయము హెచ్చును. ఆ మందుల ఖర్చు ఏండ్ల తరబడి సాగును. ఇది ఏ రశీదులోను కనబడని పద్దు.

3. ఒక లెక్క

ఉదాహరణకై అంకెలు వేసికొందము. ఆసుపత్రికి రూ. 50,000, పరీక్షలకు, ప్రయాణములకు రూ. 10,000 అయిన దనుకొనుడు. ఈ రూ. 60,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఏడాదికి వడ్డీయే రూ. 14,400. శస్త్రచికిత్స పిమ్మట సుమారు ఆఱు వారములు బరువు లెత్తరాదు, నాటు వేయరాదు. దినమునకు రూ. 400 చొప్పున 30 దినముల కూలి పోయినచో రూ. 12,000. తోడుండిన భర్తకు రూ. 500 చొప్పున 8 దినములకు రూ. 4,000. వెరసి రూ. 90,400. యాభైవేల పని తొంబదివేలైనది! పంట కప్పుగా తెచ్చిన సొమ్ము దీనికి వాడినచో ఎరువునకు లేక దిగుబడి తగ్గును, అది వేఱు.

అప్పుతో చేయించు శస్త్రచికిత్స యెంత దూరము పోగలదో మహారాష్ట్రములోని బీడ్ జిల్లా తెలిపినది. 2019లో అచ్చటి చెఱకు కొట్టు స్త్రీలను 82 వేలమందికి పైగా విచారింపగా, 13 వేలమందికి పైగా గర్భసంచి తీయించుకొన్నట్లు తేలినది. పనికి రాని దినమునకు జరిమానా పడును గావున, ముట్టు బాధ వలన పని పోవునను భయముతో పలువురు ఒప్పుకొనిరి. మేస్త్రీ వద్ద ముందుగా సొమ్ము తీసికొని, పనిచేసి తీర్చుకొనిరి.

4. సహాయ మార్గములు

ప్రభుత్వాసుపత్రి మొదటి మార్గము. రెండవది ఆరోగ్య పథకము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన పిమ్మట ప్రైవేటు ఆసుపత్రులలో ఈ శస్త్రచికిత్సలు మితిమీరుటచే, పథకము క్రింద దీనిని ప్రభుత్వాసుపత్రులకు పరిమితము చేయవలసి వచ్చినది. కావున కార్డు ఉన్నంతమాత్రమున చాలదు. ఈ చికిత్స ఏ యాసుపత్రిలో చెల్లునో అచ్చటి ఆరోగ్యమిత్రను చేరుటకు ముందే విచారింపవలెను. అనవసర శస్త్రచికిత్సల నివారణకు 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ వెలువరించిన మార్గదర్శకములను మూడు నెలలలో అమలుపరచవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించినది. ప్రశ్నించు రోగి వెనుక నేడు న్యాయస్థానపు మాట గూడ నున్నది.

5. సంఘము చేయదగినది

పొరుగు కర్ణాటకమున 2003లో సహకార సంఘముల సభ్యులైన రైతులకై యశస్విని యను పథకము వెలసినది. మొదట సభ్యుడు ఏడాదికి రూ. 60 మాత్రమే చెల్లించెను. శస్త్రచికిత్సల భారమును అందఱును కలసి మోసిరి. 2018లో అది వేఱొక ప్రభుత్వ పథకమున కలిసిపోయినను, 2022లో మరల ప్రారంభింపబడినది. ఒక్కని నెత్తిన పడినచో కూలద్రోయు బరువు, వేయిమంది పంచుకొన్నచో తేలికయగును. ఇదియే సహకారము.

మన సంఘములును నిబంధనలు అనుమతించిన మేరకు రెండు పనులు చేయవచ్చును. ఒకటి, సర్వసభ్య సమావేశమున తీర్మానించి, రోగార్తులకు తక్కువ వడ్డీతో చిన్న అప్పు నిచ్చు నిధి నేర్పఱచుట. రెండు, అప్పు కోరి వచ్చిన సభ్యుని రెండవ వైద్యుని యభిప్రాయము తీసికొనుమని చెప్పి, తోడు పంపుట. మొదటిదాని కంటె రెండవదే యెక్కువ సొమ్ము మిగుల్చునని మా నమ్మకము.

సభ్యులు ఈ ప్రశ్నలను వ్రాసియుంచుకొందురు గాక: వ్యాధి పేరేమి? మందులతో ప్రయత్నించితిమా? రెండవ వైద్యుడేమనెను? అండాశయములు నిలుపుదురా? మొత్తము పద్దు ఎంత? పథకము చెల్లునా? వీనికి జవాబులు దొరకిన తరువాతనే కాగితముపై సంతకము చేయవలెను. దేహము ఆమెది గావున తుదిమాట యామెదే కావలెను. పొలమునకు పెట్టు శ్రద్ధలో సగమైన ఇల్లాలి దేహమునకు పెట్టినచో ఆరోగ్యమును, భూమియు, రెండును నిలుచును.