పదమూడేళ్లకే ఇచ్చిన మాట

2010లో అమెరికాలో డేవిడ్ సిల్స్ అనే కుర్రాడు సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి ఆడతానని మాటిచ్చాడు. అప్పటికి అతనికి 13 ఏళ్లు. చదివేది ఏడో తరగతి! ఫుట్‌బాల్ కోచ్ లేన్ కిఫిన్ స్కాలర్‌షిప్ ఇస్తానన్నాడు, కుర్రాడు సరేనన్నాడు. (ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే వాళ్ల ఆట.) 2013లో సీజన్ మధ్యలోనే కిఫిన్ ఉద్యోగం ఊడింది. సిల్స్ చివరికి వెస్ట్ వర్జీనియాలో చేరాడు. క్వార్టర్‌బ్యాక్ అవుతాడనుకున్నవాడు రిసీవర్‌గా పేరు తెచ్చుకున్నాడు.

ఇలాంటి నోటిమాటని అక్కడ ‘వెర్బల్ కమిట్‌మెంట్’ అంటారు. రూల్ ప్రకారం ఇది ఎవరినీ కట్టెయ్యదు, కోచ్‌నీ, కుర్రాడినీ. వినడానికి సమానంగానే ఉంది కదా? కానీ కోచ్ ఒకే స్థానానికి నలుగురితో మాట్లాడొచ్చు. “వారంలో చెప్పు, లేదంటే ఆ స్కాలర్‌షిప్ ఇంకొకరికి” అని తొందరపెట్టొచ్చు. కుర్రాడు మాట మారిస్తే అభిమానులు ఆన్‌లైన్‌లో తిట్టిపోస్తారు. కోచ్ పెద్ద జీతానికి వేరే కాలేజీకి వెళ్తే మాత్రం అది కెరీర్!

సంతకం సంగతీ చూద్దాం. 1964లో మొదలైన ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ మీద సంతకం పెడితే ఆటగాడు ఏడాదిపాటు ఆ కాలేజీలో ఉండాలి, కాలేజీ ఆ ఏడాది స్కాలర్‌షిప్ ఇవ్వాలి, మిగతా కాలేజీలు అతని వెంటపడటం మానెయ్యాలి. బాగానే ఉంది. కానీ ఆ సంతకం కాలేజీతో, కోచ్‌తో కాదు. కోచ్ మర్నాడే వెళ్లిపోయినా సంతకం సంతకమే. పిల్లలు చాలాసార్లు కాలేజీని ఎంచుకునేదే కోచ్‌ని చూసి. నాకు ఇదే అన్యాయంగా అనిపించింది. 2024లో ఆ పద్ధతిని ఎత్తేశారు. ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందం మీదే సంతకం.

ఇంకో ముచ్చట. లాక్రోస్ ఆటలో తొమ్మిదో తరగతి పిల్లలు, ఇంకా చిన్నవాళ్లు కూడా మాటిచ్చేసేవారు. ఇది తప్పని కోచ్‌లకీ తెలుసు. కానీ ఒక్కరు ఆగితే మంచి ఆటగాళ్లని పక్కవాడు ఎత్తుకుపోతాడు. మన ప్రిజనర్స్ డైలమానే! అందుకే కోచ్‌ల సంఘాలే రూల్ అడిగాయి. పదకొండో తరగతి మొదలయ్యే సెప్టెంబర్ 1 దాకా మాట్లాడొద్దని 2017లో రూల్ వచ్చింది.

చదువుతుంటే మన ప్లేస్‌మెంట్స్ గుర్తొచ్చాయి. ఒక ఆఫర్ రాగానే ఇంకో డ్రైవ్‌కి కూర్చోనివ్వరు. మా సీనియర్ ఒకన్న అలాగే ఆగాడు, కంపెనీ జాయినింగ్ డేట్‌ని రెండుసార్లు జరిపింది. ఆయన మాత్రం ఇంకెక్కడా అప్లై చెయ్యలేదు, మాటిచ్చానని.