ఆఫీసులో అవినీతి కనిపిస్తే పేరు బయటపడకుండా ఫిర్యాదు చేయడం ఎలా?

స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలు జరుగుతున్నాయని ఇంజనీరు సత్యేంద్ర దూబే ప్రధాని కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు రహస్యంగా ఉంచమని కోరినా, లేఖ పేరుతో సహా చేతులు మారింది. 2003 నవంబరులో గయలో ఆయన హత్యకు గురయ్యారు. అది దోపిడీ దొంగల పనేనని సీబీఐ తేల్చింది. అయినా దేశమంతా రేగిన ఆందోళనతో, సుప్రీంకోర్టు జోక్యంతో 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది. దాన్నే పీఐడీపీఐ (ప్రజాహితం కోసం సమాచార వెల్లడి, వెల్లడించినవారికి రక్షణ) అంటారు. ఫిర్యాదుదారు పేరును గోప్యంగా ఉంచే బాధ్యత కేంద్ర విజిలెన్స్ కమిషన్‌ది.

1. మీ సంస్థ పరిధిలో ఉందా? కేంద్ర ప్రభుత్వ శాఖలు, రైల్వే, ప్రభుత్వ రంగ బ్యాంకులు, విశాఖ ఉక్కు వంటి సంస్థలు దీని కిందికి వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులపై ఫిర్యాదులు రావు. వాటికి ఏసీబీ, లోకాయుక్త ఉన్నాయి.

2. విషయం సరిచూసుకోండి. అవినీతి, అధికార దుర్వినియోగం మాత్రమే రాయాలి. బదిలీ, ప్రమోషన్ గొడవలు ఇందులో కలపొద్దు. కావాలని తప్పుడు ఫిర్యాదు చేస్తే మీ మీదే చర్య ఉంటుంది.

3. పేరు విడి కాగితం మీద రాయండి. ఆకాశరామన్న ఉత్తరాలను దీని కింద తీసుకోరు. పేరు, చిరునామా ఇవ్వాల్సిందే, కానీ ఫిర్యాదు మధ్యలో కాదు. ‘ఆ బిల్లుకు నేనే అభ్యంతరం చెప్పాను’ అని రాశారంటే సంతకం పెట్టినట్టే. ‘ఫలానా ఫైలు నోట్‌లో అభ్యంతరం ఉంది’ అంటే చాలు.

4. కవరు అంటించండి. పైన ‘పీఐడీపీఐ’ అని ఇంగ్లీషులో రాసి, ఢిల్లీలోని సతర్కతా భవన్‌కు, కమిషన్ కార్యదర్శి పేరిట పోస్టులో పంపాలి. కవరు మీద మీ పేరు, చిరునామా ఉండకూడదు. ఈమెయిల్‌లో పంపితే ఈ రక్షణ వర్తించదు.

5. కమిషన్ లేఖకు జవాబివ్వండి. ఫిర్యాదు మీదేనా, ఇదే విషయం ఇంకెక్కడైనా ఇచ్చారా అని అడుగుతూ లేఖ వస్తుంది. గడువులోగా జవాబివ్వకపోతే ఫిర్యాదు ముందుకు సాగదు.

6. తర్వాత మౌనంగా ఉండండి. గోప్యత కోసమే కమిషన్ రసీదు ఇవ్వదు. ఏమైందని మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాయొద్దు. టీ దగ్గర స్నేహితుడితో అన్న మాట కూడా సాయంత్రానికి పై అధికారికి చేరుతుంది.

7. వేధిస్తే కమిషన్‌కే చెప్పండి. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధిస్తుంటే ఆ వివరాలతో దరఖాస్తు పెట్టండి. సంబంధిత అధికారులకు కమిషన్ ఆదేశాలివ్వగలదు. ప్రాణభయం ఉంటే పోలీసు రక్షణ ఏర్పాటు చేయించగలదు. పేరు బయటపెట్టినవారి మీద చర్యలు మొదలుపెట్టించగలదు.

ఇదే ఉద్దేశంతో 2014లో పార్లమెంటు చట్టం చేసినా అది అమల్లోకి రాలేదు. అందుకే ఇప్పటికీ ఆధారం ఈ తీర్మానమే. వేధింపు మొదలయ్యాక కమిషన్ ఆదుకుంటుంది గానీ, అసలు ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడం మూడు, నాలుగు, ఆరు మెట్లలో మీ చేతుల్లోనే ఉంది.