మినీ ట్రాక్టర్ పనిముట్లు: ఏది కొనాలి, ఏది బాడుగకు తేవాలి



ఈ వారం పాఠం మినీ ట్రాక్టర్ వెనక తగిలించే పనిముట్ల గురించి.

బెళ్ళందూరు నుంచి సిల్క్ బోర్డు కూడలి ఎంతో దూరం లేదు. కానీ ఆ దారిలో ఇప్పుడు కనిపించేవి ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు. మల్బరీ తోటలు చూడాలంటే హొసకోటె, విజయపుర, శిడ్లఘట్ట వైపు పోవాల్సిందే. అక్కడి కూలీలు కూడా సిటీ పనులకు వస్తున్నారు. తోట తవ్వడానికి మనిషి దొరక్క చాలామంది మినీ ట్రాక్టర్ వైపు చూస్తున్నారు.

ట్రాక్టర్ ఇంటికొచ్చాక అసలు ఖర్చు మొదలవుతుంది. రోటవేటర్, కల్టివేటర్, ట్రాలీ, స్ప్రేయర్, గుంతలు తీసే మిషన్... షోరూంలో చూస్తే అన్నీ కావాలనిపిస్తుంది. ఏది కొనాలన్నా ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. అది నా సాళ్ల మధ్య పడుతుందా? ఏడాదికి ఎన్ని గంటలు పని చేస్తుంది? ఈ రెండింటికీ జవాబు లేకుండా కొన్నది ఎంత తక్కువ ధరకు వచ్చినా చౌక కాదు.

1. ముందు టేపు తీయండి

జంట సాళ్ల పద్ధతిలో నాటిన తోటలో రెండు సాళ్ల మధ్య 3 అడుగులు, జంటకూ జంటకూ మధ్య 5 అడుగులు, మొక్కకూ మొక్కకూ 2 అడుగులు ఉంటుంది. మినీ ట్రాక్టర్ నడిచేది ఆ 5 అడుగుల సందులోనే. పాత 3×3 తోటల్లో దానికి దారి లేదు. అక్కడ పవర్ టిల్లర్ గానీ, చిన్న పవర్ వీడర్ గానీ చాలు.

5 అడుగులు అన్నది నాటిన రోజు కొలత. మొదళ్లు లావెక్కాక సందు తగ్గుతుంది. కాబట్టి నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలతనే లెక్కలోకి తీసుకోండి. 4 అడుగుల రోటవేటర్ అంటే బ్లేళ్లు దున్నే వెడల్పు 4 అడుగులని అర్థం. పక్కనుండే గేర్ పెట్టె, ఫ్రేము కలిపితే ఇంకా పెరుగుతుంది. డ్రైవర్ చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే మొదళ్లకు దెబ్బ. మన తోటకు 3 లేదా 3.5 అడుగులది మేలు. కొనేముందు వెనక టైర్ల బయటి అంచుల మధ్య కొలత కూడా చూడండి. రోటవేటర్ అంతకంటే చిన్నదైతే టైర్లు తొక్కిన చోట మట్టి గట్టిగానే మిగిలిపోతుంది.

2. గంటలు లెక్క వేయండి

ఏడాదికి 5 పంటలు తీసేవారు తోటను 5 సార్లు కొడతారు. కొట్టిన వెంటనే ట్రాక్టర్ దిగాలి. ఆలస్యమైతే కొత్త కొమ్మలు సందులోకి వాలతాయి, ఇక దిగడం కష్టం.

ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు పెట్టి మీరే వేసుకోండి. రోటవేటర్ ధర లక్ష రూపాయలు అనుకుందాం. బాడుగ ట్రాక్టర్ గంటకు 1,000. మన ట్రాక్టర్‌తోనే చేసుకుంటే డీజిల్, అరుగుదల కలిపి గంటకు 300. అంటే గంటకు 700 మిగులుతుంది. ఎకరాకు గంటన్నర చొప్పున 5 సార్లకు ఏడున్నర గంటలు. ఎకరా తోటకు ఏడాదికి మిగిలేది 5,250 రూపాయలు. లక్ష తిరిగి రావడానికి 19 ఏళ్లు! అదే 4 ఎకరాలైతే ఏడాదికి 21,000 మిగులుతుంది, అయిదేళ్లలోపు డబ్బు తిరిగొస్తుంది. అప్పు తెచ్చి కొంటే వడ్డీ కూడా కలుపుకోండి.

3. బాడుగలో ఉన్న చిక్కు

అలాగైతే అన్నీ బాడుగకే తెచ్చుకుందామా? ఇక్కడొక ఇబ్బంది ఉంది. ఒకే చాకీ కేంద్రం నుంచి ఊరంతా ఒకే రోజు పురుగులు తెచ్చుకుంటే, అందరి తోటలూ ఒకే వారం ఖాళీ అవుతాయి. అందరికీ అదే వారం బాడుగ ట్రాక్టర్ కావాలి. చివరన పేరు రాయించినవాడి తోటలో కలుపు ముందు లేస్తుంది, ఆకు వెనకబడుతుంది. తర్వాతి పంటకు నాలుగో జ్వరం లేచిన పురుగులు మేత కోసం చూస్తుంటే తోటలో ఆకు చాలదు.

దీనికి మంచి దారి ముగ్గురు నలుగురు కలిసి ఒక రోటవేటర్ కొనడం. చాకీ తెచ్చుకునే తేదీలు ఒక్కొక్కరికి వారం ఎడం ఉండేలా పెట్టుకోవాలి. బ్లేళ్లు, బేరింగులు ఎవరు మార్చాలి, ఆయిల్ ఖర్చు ఎవరిది అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోండి.

4. కొనే వరస

ఒకరి తోటకైతే మొదట కల్టివేటర్. దీనికి పీటీఓ అక్కర్లేదు, గేర్లు లేవు, రిపేరు తక్కువ. మాటిమాటికీ రోటవేటరే తిప్పితే పైమట్టి పొడవుతుంది కానీ కింద పొర గట్టిపడుతుంది. అప్పుడప్పుడు కల్టివేటర్ వేస్తే వాన నీళ్లు లోపలికి దిగుతాయి.

రెండోది చిన్న ట్రాలీ. ఎకరా మల్బరీకి ఏడాదికి 8 టన్నుల పశువుల ఎరువు వేయాలని సిఫారసు. పురుగు తినే మొత్తం ఆకులో 80 శాతం పైన ఐదో దశలోనే తింటుంది. ఆ వారం కొమ్మలు మోయడానికి రోజూ బండి కావాలి. ఎక్కువ గంటలు పని చేసే పనిముట్టు ఇదే.

మూడోది రోటవేటర్, అది కూడా పొత్తులో. గుంతల మిషన్ కొత్త తోట నాటేటప్పుడే కావాలి, దాన్ని బాడుగకు తెస్తే చాలు.

5. స్ప్రేయర్ పొత్తు వద్దు

టమాట తోటలో పురుగు మందు కొట్టిన ట్యాంకును ఎంత కడిగినా పైపుల్లో, నాజిల్‌లో కొంచెం మిగలొచ్చు. ఆ కొంచెం మల్బరీ ఆకు మీద పడితే షెడ్డులోని పంట మొత్తం పోతుంది. మల్బరీకి వాడే స్ప్రేయర్ మల్బరీకే ఉండాలి. చేతి పంపైనా సరే, అది మీ సొంతం కావాలి.

పొత్తు రోటవేటర్ తోట మారినప్పుడల్లా దాని మట్టి గీకి, నీళ్లతో కడగండి. వేరుకుళ్లు, వేరుబుడిపె నులిపురుగు ఆ మట్టితోనే పక్క తోటకు పోతాయి. జబ్బు ఉన్న తోటలో అన్నిటికంటే చివర దున్నండి.

6. సెకండ్ హ్యాండ్ అయితే

కింది లింకుల పిన్ను కొలవండి. చిన్న ట్రాక్టర్లకు సాధారణంగా 22 మిల్లీమీటర్లు, పెద్దవాటికి 28. పెద్ద ట్రాక్టర్ పనిముట్టు చౌకగా వచ్చిందని తెస్తే తగలదు. తగిలినా లిఫ్ట్ ఎత్తలేదు, లేదా ముందు టైర్లు పైకి లేస్తాయి. గేర్ పెట్టె దగ్గర ఆయిల్ కారుతోందా చూడండి. రోటర్‌ను చేత్తో ఊపి చూడండి, లూజుంటే బేరింగులు పోయినట్టే. పీటీఓ షాఫ్ట్ మీద కవర్ లేకుండా తీసుకోవద్దు. నిమిషానికి 540 చుట్లు తిరిగే ఆ షాఫ్ట్‌కు తువాలు గానీ, చీర కొంగు గానీ చిక్కితే మనిషి ప్రాణానికే ముప్పు.

అడ్వాన్సు ఇచ్చేముందు కర్ణాటకవాళ్లు హోబ్ళీ రైతు సంపర్క కేంద్రంలో సబ్సిడీ గురించి, కృషి యంత్రధారె కేంద్రంలో బాడుగ ధరల గురించి అడగండి. ఆంధ్రావాళ్లు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి.

ఈసారి తోట కొట్టగానే చేయాల్సిన పని ఒకటే. టేపు తీసుకుని సందు కొలవండి. మీ ఎకరాలు, సందు కొలత, ట్రాక్టర్ హెచ్‌పీ గ్రూపులో పెట్టండి. పొత్తుకు ఎవరు ఎవరితో కలవొచ్చో అందరం కలిసి చూద్దాం.